పండుగకు ముందు చిక్కుడు

బూర్గంపాడు,
19-1-87

ప్రమీలా,

కూర వద్దన్నందుకు మీ అత్తగారికి క్షమాపణ రాయమన్నావు. రాయను. చలిలో బస్సెక్కి నేను ఖమ్మం వచ్చింది నిన్ను చూడటానికి, మాట పడటానికి కాదు.

చిక్కుడు పండుగ చేసి దేవతకు పెట్టందే మేం కోయోళ్లం కొత్త చిక్కుడు నోట పెట్టం. హాస్టల్ రోజుల నుంచి నీకు తెలుసు. పోయిన వారం ఆదివారం మీ ఇంట్లో భోజనంలో నేను చిక్కుడుకూర వద్దంటే, "మీ అడవి దేవత ఖమ్మం దాకా వచ్చి చూస్తదా ఏంది?" అని ఆమె నవ్వింది. నువ్వూ నవ్వావు. ముందురోజు ముక్కోటి ఏకాదశని ఆమె మెతుకు ముట్టలేదు. నేను నవ్వానా?

వచ్చే బుధవారం మా ఊళ్లో పండుగ. ఆమెను తీసుకుని రా. మొదటి చిక్కుడుకూర ఆమె విస్తట్లోనే వేస్తాం. ఆ రోజు ఉపవాసమంటే బలవంతపెట్టం. నవ్వం కూడా.

నీ హాస్టల్ దోస్తు