ఫ్లెక్సీలో మిగిలిన చెయ్యి

యమునా,

విదేశంలో పడవ పోటీలో పతకం గెలిచావని భూపాలపల్లి బస్టాండులో నీ ఫ్లెక్సీ కట్టారు. అది మనిద్దరం ఒకే పడవలో గెలిచిన నాటి ఫొటో. ఆ ఏడే నాకు పెళ్ళి కుదిరింది, నీకు దేశం జట్టులో చోటు కుదిరింది. ఫ్లెక్సీలో నీ వెనక సీట్లో ఉన్న నన్ను కత్తిరించేశారు.

కాటారం బస్సు కోసం నిలబడ్డప్పుడు మా అత్త దాన్ని చూసి, "గీ పిల్ల నీకెరుకేనా?" అనడిగింది.

"నాకెరుక లేదు" అన్నాను.

సన్మానానికి రమ్మని ఫోన్ చేశావు. రాను. నీ మెడలో పతకం చూసి చప్పట్లు కొట్టేంత మంచిదాన్ని కాను. కానీ సభ అయిపోయాక ఆ ఫ్లెక్సీ నాకు ఇప్పించు. కల్లంలో వడ్ల మీద కప్పడానికని ఇంట్లో చెబుతాను.

నీ భుజం పక్కన తెడ్డు పట్టుకున్న చెయ్యి ఒకటి కత్తిరించకుండా వదిలేశారు. అది నాది.