అమ్మకు పెళ్ళిపెద్ద

జబల్ అఖ్దర్ కొండమీద నుంచి,
గులాబీల కోత రోజులు

నా కంటివెలుగు హిలాల్‌కు,

ఫోన్ చేస్తే పోయేదానికి ఈ ఉత్తరమేమిటని నువ్వు కనుబొమలు ముడుస్తావని తెలుసు. ఫోన్‌లో అయితే "అమ్మా, మందు వేసుకున్నావా?" అని నువ్వడుగుతావు, "వేసుకున్నాను" అని నేనంటాను, మన కబుర్లు అక్కడితో సరి. ముప్పై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పినదాన్ని. నాకు మధ్యలో ఎవరూ అడ్డురాకుండా మాట్లాడటం ఇష్టం.

కొండ మొదట్లోనే పోలీసులు మమ్మల్ని ఆపారు. చిన్న కార్లు పైకి వెళ్ళకూడదట. మీ మౌజా పిన్ని ఊరుకుంటుందా? "చూడు బాబూ, ఈ కారు నీకంటే బుద్ధిమంతురాలు, పోనియ్యి" అంది. అతను నవ్వాడే గాని పోనివ్వలేదు. చివరికి అక్కడే ఉన్న ఒక జీపు మాట్లాడుకున్నాం. దాని యజమాని పేరు సువైలిమ్. బిదియా ఎడారి మనిషి, సగం నెరిసిన గడ్డం, భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఇవన్నీ నేనడగలేదు. మీ పిన్ని అడిగింది.

మలుపు వచ్చినప్పుడల్లా అతను ప్రార్థన చదవడం మొదలుపెట్టాడు.

"ఏమిటండీ, ఇసుక తిన్నెల మీంచి దూకించే మనిషికి కొండంటే భయమా?" అన్నాను.

"టీచరమ్మా, ఇసుకలో పడితే లేచి దులుపుకుంటాం. ఇక్కడ పడితే దులుపుకోడానికి మనముండం" అన్నాడు.

"అయితే ఇలా ఇవ్వండి" అని స్టీరింగు నేను తీసుకున్నాను. ఒరేయ్, ఎంత హాయిగా ఉందో! పక్కన ఆ పెద్దమనిషి కళ్ళు మూసుకుని, "అయిపోయిందా? అయిపోయిందా?" అంటూనే ఉన్నాడు. పైకి వచ్చాక దానిమ్మ చెట్టు కింద కూలబడి నీళ్ళడిగాడు. గులాబీలు కోసే ఆడవాళ్ళు అతన్ని చూసి పడీపడీ నవ్వారు. అతనూ నవ్వాడు. తనమీద తాను నవ్వుకోగల మగవాణ్ణి చూసి చాలా కాలమైంది.

నిన్న కిందికి దిగి జబ్రీన్ కోటకు వెళ్ళొచ్చాం. పూర్వం శత్రువుల నెత్తిన మరిగే ఖర్జూరపాకం పోసేందుకు గుమ్మం పైన కన్నాలు పెట్టారు కదా, మీ పిన్ని సరిగ్గా దానికింద నిలబడి నోరు తెరిచింది. "ఎంత అదృష్టవంతులో ఆ శత్రువులు!" అంది. చీకటి మెట్లన్నీ ఎక్కి కోట కప్పు మీదికి చేరాక సువైలిమ్ నన్నొక మాటడిగాడు. "టీచరమ్మా, రేపు మీకేం చూడాలనుంది?" అంతే, మామూలు మాట. కానీ మీ నాన్న పోయినప్పటి నుంచి నన్ను కూర్చోమన్నవాళ్ళున్నారు, పడుకోమన్నవాళ్ళున్నారు. నీకేం కావాలని అడిగినవాళ్ళు లేరు నాన్నా. నిన్ను తప్పుపట్టడం లేదు. నువ్వు మందులు మర్చిపోవు, డాక్టరును మర్చిపోవు. కానీ నాకు బాధగా ఉండేది, ఎప్పుడూ చెప్పలేదు.

ఎడారి చూడాలనుందని అతనితో చెప్పాను. వెళ్తున్నాం.

ప్రేమతో,
మీ అమ్మ జువైనా

*

బిదియా ఇసుక తిన్నెల నుంచి

నా చిట్టి తండ్రి హిలాల్‌కు,

ఈ ఉత్తరం మీ పిన్ని చేతికివ్వకుండా నేనే బస్సు డ్రైవరుకిచ్చి పంపుతున్నాను. దాని నోట్లో నువ్వుగింజ నానదు. కూర్చుని చదువు. షంసాను కూడా పక్కన కూర్చోబెట్టుకో, కోడలు నీకంటే నిబ్బరం గల మనిషి.

ఇక్కడికొచ్చాక రోజులు తెలియడం లేదు. పొద్దున్నే ఇసుక చల్లగా ఉంటుంది, చెప్పులు విడిచి నడుస్తాను. జీపు తిన్నె కొసన నిలబడి కిందికి జారుతుంటే చిన్నపిల్లలా కేకలేస్తాను. ఇక్కడ కళ్ళు మూసుకోవడం నా వంతు. మీ పిన్ని ఒంటెతో తగువు పెట్టుకుంది, ఓడిపోయింది.

అసలు సంగతికి వస్తాను. సువైలిమ్ వాళ్ళమ్మ సలామా బీబీ మమ్మల్ని తన గుడారానికి పిలిచింది. వాళ్ళ బంధువులు డేరా నిండా ఉన్నారు. ఖర్జూరాలు పెట్టారు, కాఫీ పోశారు. సువైలిమ్ కొండ మీద చేసిన ప్రార్థనలన్నీ మీ పిన్ని ఒక్కొక్కటే అభినయిస్తోంది. నాకు నవ్వాగలేదు. కాఫీ ఒలికిపోతుందేమోనని కప్పు కింద పెట్టాను. ఒక్క గుటకైనా తాగకుండానే పెట్టాను!

డేరాలో ఖర్జూరం నోట్లో పెట్టుకోబోతున్న చేతులు అక్కడే ఆగిపోయాయి. మస్కట్‌లో సోఫాల మీద కూర్చుని కప్పు ఎక్కడపడితే అక్కడ పెట్టే అలవాటు నా కొంప ముంచింది. అతిథి కాఫీ ముట్టకుండా కింద పెడితే ఆ ఇంటివాళ్ళను ఏదో కోరడానికి వచ్చినట్టు. తీరుస్తామని మాటిచ్చేదాకా తాగరు. ఇది ఎన్ని తరగతులకు పాఠం చెప్పానో!

సలామా బీబీ నిటారుగా కూర్చుంది. "అడుగు పిల్లా. నువ్వడిగింది ఇచ్చేశాం. తాగు" అంది.

పొరపాటున పెట్టానని చెబితే ఆ ముసలావిడ ఇచ్చిన మాటను గాలికి వదిలేసినట్టవుతుంది. ఏం అడగను? మీ పిన్ని నన్ను మోచేత్తో పొడిచి, "మేకనడగవే, మేకనడుగు" అని గొణిగింది. నేను తలెత్తాను. ఎదురుగా సువైలిమ్ కాఫీ కూజా పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు. నా నోట్లోంచి ఒక్కటే మాట వచ్చింది.

"నాకు ఇక్కడే ఉండిపోవాలనుంది."

"ఎన్నాళ్ళు?" అంది బీబీ.

నా చూపు కూజా పట్టుకున్న మనిషి మీదే ఉంది. ఆవిడ కొడుకు వైపు చూసింది. కూజా లోంచి కాఫీ ధారగా తివాచీ మీద పడుతోంది, అతనికి ఆ ధ్యాసే లేదు.

"ఒరే, తివాచీ తాగింది చాల్లే" అంది బీబీ. తర్వాత నా వైపు తిరిగి, "సరే పిల్లా, మా మాట మేమిచ్చేశాం. నీ తరఫున మాటిచ్చే మగదిక్కెవరు?" అంది.

మా నాన్న లేడు, నాకు అన్నదమ్ములు లేరు. నువ్వే ఉన్నావు. ముక్కు తుడిచి బడికి పంపినవాడి అనుమతి అడగాల్సి వచ్చింది చూశావా నాకు!

హిలాల్, నేనీ మనిషిని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను. మీ నాన్నను మరిచిపోయి కాదు. నువ్వు వద్దంటే వచ్చేస్తాను, మళ్ళీ ఈ మాటెత్తను, నీ మీద కోపమూ పెట్టుకోను. సరేనంటే మాత్రం చాటుగా కానిద్దాం. ఇద్దరు సాక్షులు, ఖాజీ, అంతే. వీధిలో తెలియనక్కర్లేదు. మనవల్ని ఎత్తుకునే వయసులో ఇదేమిటని నలుగురూ నీ మొహం మీదే నవ్వితే నేను భరించలేను.

నీ జవాబు వచ్చేదాకా అన్నం సహించదు,
అమ్మ

*

సీబ్, మస్కట్ నుంచి

అమ్మకు,

పిన్ని నీ ఉత్తరం కంటే ముందే ఫోన్ చేసింది. "ఎవరికీ చెప్పకు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది.

నిజం చెబుతున్నాను, విన్న వెంటనే మేడ మీదికెళ్ళి తలుపేసుకున్నాను. నాకు నచ్చలేదు. నాన్న కుర్చీ చూస్తూ కూర్చున్నాను. షంసా తలుపు తట్టి, "మీరు నన్ను చేసుకున్నప్పుడు అత్తయ్య తలుపేసుకున్నారా?" అంది. లేచి తలుపు తీశాను. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. నీకేం కావాలని అడిగినవాళ్ళు లేరని కోట గురించి రాశావే, ఆ పాత ఉత్తరం తీసి దాన్నీ మళ్ళీ చదివాను. అది చదివినప్పుడు సిగ్గేసింది.

నిన్న సువైలిమ్ వాళ్ళు సంబంధం మాట్లాడటానికి వచ్చారు. నీకు చెప్పవద్దని పిన్నిని కట్టడి చేశాను, ఈ ఒక్కసారికి నోరు మూసుకున్నట్టుంది. సలామా బీబీ మన ఇల్లంతా తిరిగి చూసింది. నా గడ్డం పట్టుకుని, "మీ అమ్మ గురక పెడుతుందా?" అంది. "పెడుతుంది" అన్నాను. "మంచిది, ఎడారిలో మనిషి ఎక్కడుందో తెలుస్తుంది" అంది. మీ ఆయన కాబోయే పెద్దమనిషి మాత్రం చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"మా అమ్మకు కోపం ఎక్కువ" అన్నాను.

"చూశాను బాబూ" అన్నాడు.

"ఎవరి మాటా వినదు."

"వింటుంటే నేను కొండ మీదే ఉండిపోయేవాణ్ణి."

నాకు నవ్వొచ్చింది. దాచుకోవడానికి చాలా అవస్థపడ్డాను.

అప్పుడు వాళ్ళ పెద్దాయన ఒకాయన గొంతు సవరించుకుని, "అమ్మాయి కోరినట్టే గుట్టుగా కానిద్దాం. సాక్షులు ఇద్దరు, ఖాజీ ఒకరు" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు.

అందరూ తెల్లబోయారు. సువైలిమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "గుట్టుగా ఒప్పుకోను. మా అమ్మ ఏం దొంగతనం చేస్తోందని?" అన్నాను. అమ్మా, వీధిలో ప్రతి ఇంటికీ నేనే స్వయంగా వెళ్ళి పిలిచాను. మూడో ఇంటి హారిబ్ పళ్ళికిలించాడు, అతన్ని రెండుసార్లు పిలిచాను. పెరట్లో గొయ్యి తవ్వించాను, మసాలా పట్టించిన మేకలు అరిటాకుల్లో చుట్టి అందులో నిప్పుల మీద పూడ్చి వండిస్తున్నాం. డప్పులు కొట్టే ఆడవాళ్ళు వస్తున్నారు. షంసా నీకు ఆకుపచ్చ బట్టలు కుట్టిస్తోంది, రంగు గురించి నీతో తగువు పడే ఓపిక తనకు లేదట.

శుక్రవారం నమాజు కాగానే మసీదులో నికా. నీ తరఫున నేను కూర్చుంటాను. అతని చేతిలో చెయ్యి పెట్టి, మా అమ్మను నీకిస్తున్నాను అని అందరికీ వినపడేలా చెబుతాను. నువ్వు ఆడవాళ్ళతో ఇంట్లో ఉంటావు, నీకు వినపడదు. అందుకే ముందుగా చెబుతున్నాను. తర్వాత ఎవరైనా వచ్చి, ఆ మాట అంటున్నప్పుడు నీ కొడుకు గొంతు వణికిందని చెబితే నమ్మకు.

త్వరగా వచ్చెయ్యి.

నీ పెళ్ళిపెద్ద,
హిలాల్