పొడుగు మంచాల లాడ్జి

చిరంజీవి అబ్బాయికి, నిన్ను చంకనేసుకుని పెంచిన పిన్ని దీవించి రాస్తున్నది.

మీ మహానగరంలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరగబోతున్నాయనీ, అక్కడ ఎంత పెట్టినా గది దొరకడం లేదనీ పేపర్లో చదివాను. ఇక్కడ మన లాడ్జిలో అన్నీ ఖాళీ గదులే. కొత్త రోడ్డు మన ఊరిని తప్పించుకుని పోయిన దగ్గర్నుంచీ గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను. గోడౌన్ల షావుకారు రోజూ టేపు పట్టుకొచ్చి వరండా కొలుచుకుపోతున్నాడు. ఈ సీజన్లో కూడా గదులు నిండకపోతే అతనికే అమ్మేస్తానని మాటిచ్చాను. మీ బాబాయి కట్టించిన మెట్ల మీద బస్తాలు దొర్లుతాయనుకుంటే ముద్ద దిగడం లేదు.

పోటీల ఆఫీసులో బస ఏర్పాట్లు చూసేది నువ్వే కదా. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు.

ఆశతో,
పిన్ని

తా.క. రాత్రి తొమ్మిదికి గేటుకి తాళం వేస్తానని ముందే చెప్పు. ఎంత గొప్పవాళ్లైనా సరే. మీ బాబాయే రెండుసార్లు బయట బెంచీ మీద పడుకున్నాడు.

*

పిన్నికి, నీ మొట్టికాయలు తిని ఇంతవాడినైన అబ్బాయి నమస్కారాలు.

పని అయింది. పోటీలు ముగిసేదాకా మావాళ్లు ఇరవై మంది నీ లాడ్జిలోనే ఉంటారు. పోయినసారి పోటీల్లో పెద్ద హోటల్లో ఉంచితే జనం వచ్చి తలుపులు బాదారట. బస్సులో గంట ప్రయాణమైనా సరే, ఎవరూ గుర్తుపట్టని చోటు కావాలంటున్నారు. వాళ్లెవరో ఉత్తరంలో రాయకూడదని మా ఆఫీసు ఆజ్ఞ. నువ్వూ ఎవరికీ చెప్పకు.

నీ అబ్బాయి

తా.క. ఎవరికీ అంటే ఎదురుగా ఉన్న సెలూన్ ఆయనకి కూడా.

*

చిరంజీవి దొంగ వెధవకి, పిన్ని ముద్దులు.

నువ్వు రాయకపోతే నాకు తెలియదా? జనం తలుపులు బాదేది ఆటగాళ్ల కోసం కాక ఇంకెవరి కోసం?

ఎవరికీ చెప్పలేదు, ఒక్క సెలూన్ ఆయనకి తప్ప. అదీ ఒట్టు వేయించుకునే. ఆయన కూడా గడ్డం గీసిన ప్రతివాడి చేతా ఒట్టు వేయించుకునే చెప్పాడు. ఇప్పుడు ఊరంతా ఒట్టు మీదే ఉంది.

ఆటగాళ్లు తాటిచెట్టంత ఉంటారని వడ్రంగి చేత మంచాలన్నీ మూరెడు పొడిగించాను. దాంతో తలుపులు సగమే తెరుచుకుంటున్నాయి, పక్కకి తిరిగి దూరతారులే. బాండు మాస్టారు కొత్త పాట నేర్పిస్తున్నాడు. మునిసిపాలిటీ వాళ్లు మన వీధిలో దీపం మార్చారు. ఆ వెలుగులో చూస్తే మన గేటు ఆకుపచ్చదని గుర్తొచ్చింది.

మనసు నిండిన,
పిన్ని

తా.క. షావుకారు కూడా ఆటగాళ్ల సంతకాలకని పుస్తకం కొన్నాడు. టేపు మాత్రం జేబులోనే ఉంది.

*

పిన్నికి, తల పట్టుకు కూర్చున్న అబ్బాయి నమస్కారాలు.

కొంప ముంచావు పిన్నీ. వచ్చేది ఆటగాళ్లు కాదు, రిఫరీలు. ఈల ఊది తప్పు పట్టే మనుషులు. జనం తలుపులు బాదింది ముద్దొచ్చి కాదు, తన్నడానికి. అందుకే ఇంత రహస్యం. ఆటగాళ్ల కోసం కాచుకున్న ఊరికి వీళ్లని చూపిస్తే ఏమవుతుందో నువ్వే ఆలోచించు. బాండు మేళాన్ని వెంటనే ఇంటికి పంపు.

కంగారుగా,
నీ అబ్బాయి

తా.క. పోటీలు చూడ్డానికొచ్చేవాళ్లకి అద్దెకిచ్చుకుంటానని మా ఇంటి యజమాని నన్ను గది ఖాళీ చేయమన్నాడు. ఊరందరికీ బస చూసే నాకు బస లేదు. నాకో గది ఉంచు, రోజూ బస్సులో వచ్చిపోతాను.

*

చిరంజీవి అబ్బాయికి, తీరిక లేని పిన్ని దీవెనలు.

నీ ఉత్తరమూ వాళ్ల బస్సూ ఒకేసారి వచ్చాయి. చదవగానే మెట్ల మీద నిలబడి, వచ్చినవాళ్లు రిఫరీలని వీధి మొత్తానికీ చెప్పేశాను. పూలు తెచ్చినవాళ్లు పూల వంకా, షావుకారు నా వంకా చూశారు. చివరికి బాండు మాస్టారు గొంతు సవరించుకుని, "ఇన్నాళ్లు కష్టపడి నేర్చుకున్నాం. ఎవరో ఒకరు దిగనివ్వండి, వాయిస్తాం," అన్నాడు.

వాయించారు. ఆ గోలకి రిఫరీలు బస్సు దిగడానికే భయపడ్డారు. అందరిలోకీ పెద్దాయన తలకి బ్యాగు అడ్డం పెట్టుకుని దిగాడు. సెలూన్ ఆయన వెళ్లి ఆ పెద్దాయన చేతిలో పూలు పెట్టేసరికి, పెద్దాయన అక్కడే నిలబడి ఏడ్చేశాడు. ఏ మైదానానికి వెళ్లినా ఆయన మీదకి సీసాలు వచ్చాయట గానీ పూలు ఎప్పుడూ రాలేదట. నాకూ ఏడుపొచ్చింది.

తొమ్మిదింటి తాళం వాళ్లకి తెగ నచ్చింది. ఒకాయన కాస్త ఆలస్యంగా వస్తే జాలిపడి తీయబోయాను. "వద్దమ్మా, నియమం నియమమే," అని బెంచీ మీద పడుకున్నాడు. సెలూన్ ఆయనకీ బేకరీ ఆయనకీ ఏళ్ల తరబడి నలుగుతున్న మురుగుకాలవ తగాదాని ఒక్క ఈలతో తేల్చేశారు. ఇప్పుడు తగాదాలు తీర్చుకోవడానికి పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చి, గడ్డాలు గీయించుకుని, బేకరీలో తిని పోతున్నారు. ఊరు కళకళలాడుతోంది. ఇకమీదట ఏటా తమ శిక్షణ మన లాడ్జిలోనే అన్నాడు పెద్దాయన.

నీకు గది మాత్రం లేదు నాయనా, అన్నీ నిండిపోయాయి. వంటింట్లో ఒక పొడుగు మంచం వేయించాను, కాళ్లు గుమ్మం బయటకి వస్తాయి. నీ ఆఖరి బస్సు తొమ్మిది దాటాకే వస్తుంది కాబట్టి దిండు బెంచీ మీదే పెడతాను.

లాడ్జి ఇక ఎవరికీ అమ్మని,
నీ పిన్ని

తా.క. నిన్న షావుకారు మళ్లీ వచ్చి వరండాలో టేపు విప్పాడు. పెద్దాయన కుర్చీలోంచి లేవకుండానే జేబులోంచి, ఆటగాళ్లని మైదానం బయటికి పంపే ఎర్రకార్డు తీసి చూపించాడు. షావుకారు తల దించుకుని గేటు దాటి వెళ్లిపోయాడు. సంతకాల పుస్తకం ఇక్కడే వదిలేశాడు, పాపం. ఇరవై మంది చేతా సంతకాలు పెట్టించి ఉంచాను.