పావురం తేబోయిన మనిషికి

ఏమప్పా, తెచ్చిన పావురాన్ని వదిలెయ్యి. ఇంటికి తాళం వేసి, నీ బీపీ మాత్రలు జేబులో వేసుకుని, కడప బస్సెక్కు. మనవరాలు సింధుజను నేనూ కోడలూ పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నాం. 108 బండి వీధి చివరికొచ్చింది.

పొద్దున పిల్ల మూతి వంకరపోయి, ఎడమ చెయ్యి వాలిపోతే నువ్వేమన్నావు? "పావురం నెత్తురు పూస్తే పక్షవాతం పోతాది, గమ్మునుండు" అని జమ్మలమడుగు దారి పట్టావు. నువ్వు మలుపు తిరగకముందే నేను 108కి ఫోన్ చేశాను. పిల్లకున్న ఈ సికిల్ సెల్ జబ్బులో నెత్తురు కణాలు కొడవళ్ళలా వంగి మెదడు నాళాల్లో అడ్డుపడతాయని, మూతి వంకరపోతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దని పోయినసారి ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు నువ్వు పక్క బెంచీ మీద గురక పెడుతున్నావు. పిల్లకు నెత్తురు లోపలికి ఎక్కాలప్పా, పైన పూసుకోవడానికి అదేమన్నా పసుపా?

నాలుక మడతపడుతున్నా సింధుజ ఒకటే మాట: "జేజీ, పావురాన్ని కోయొద్దని తాతకు చెప్పు."

ఇంకొక మాట. గడపలో నిలబడి నేను సాగనంపిన వాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. అందుకే ఈసారి పిల్లను సాగనంపి నీ కోసం ఇంట్లో ఆగలేదు, తోడు పోతున్నా. చూసి పోదామని రావొద్దు. మాతో ఉండటానికి రా.