తిరగలి అని రాసుంది

యాదమ్మా,

నీ సంవత్సరీకం అయిపోయిన మర్నాడు ఇంట్లో ఉండలేక ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి మా విశాఖపట్నం వెళ్ళాను. సముద్రం పక్కనున్న మ్యూజియంలో ఓడల బొమ్మలు, పాత ఫిరంగులు చూసుకుంటూ పోతుంటే, అద్దం వెనక ఒక రాయి కనిపించింది. నువ్వు నల్గొండ నుంచి తెచ్చుకున్న, పప్పులు విసిరే రాయిలాంటిదే. కింద “తిరగలి” అని రాసుంది.

పెళ్ళైన కొత్తలో నేనా మాట అంటే ఎంత నవ్వావు. “మేం ఇసురుతం, గందుకే ఇసుర్రాయి అంటం. మీరేమన్న దాని సుట్టు తిరుగుతరా?” అన్నావు. ముసలివాళ్ళమయ్యాక కూడా ఆ తగువు తెగలేదు. నేను తిరగలి అన్నప్పుడల్లా వంటింట్లోంచి దిద్దేదానివి.

అక్కడి కాపలా మనిషితో, “ఇది ఇసుర్రాయి,” అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

“కాదండి, తిరగలండి. రాసుంది కదండి,” అన్నాడు. మా ఊరి మాటే.

ఈ పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి ఇంటి తాళం తీశాను. నీ రాయి బాల్కనీలోనే ఉంది, దుమ్ముపట్టి. దాని పక్కన కూర్చుని, వంటింట్లోకి వినపడేలా “తిరగలి” అన్నాను.

కాసేపు ఆగి, ఇంకా గట్టిగా అన్నాను.