బ్రేకు పట్టని బండి

మిష్రిఫ్, కువైట్.

రాజమన్నకు,

ట్రాక్టర్ల పని నీకే తెలుసు కనుక నిన్నే అడుగుతున్నాను. నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా కఫీల్ తండ్రి వాడిన పాత చిన్న ట్రాక్టరును బాగుచేసి, ఈ చలికాలం ఇంటి తోట దున్నుతున్నాను. ఇంజను బాగుంది కానీ బ్రేకు పట్టడం లేదు.

శుక్రవారం మనవళ్లను ఎక్కించుకుని తిప్పుతానన్నాడు కఫీల్. "బాబా, పిల్లలొద్దు. బండి ఆగుతలేదు" అన్నాను.

"యల్లా, ఏం కాదు" అని నవ్వాడు.

భయమేసి గురువారమే చక్రాలు విప్పేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇక్కడ ఉండేందుకు నాకున్న ఇఖామా కాగితం ఈ నెలాఖరుకే అయిపోతుంది; కఫీల్ సంతకం లేనిదే కొత్తది రాదు.

ఇవాళ వచ్చి, అరిగిన బ్రేకు షూ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "కొత్తది ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

ఇక్కడ ఎక్కడా లేదు. కొలతలు వెనకవైపు రాశాను. దొరకదని మాత్రం రాయకు అన్నా.

నీ తమ్ముడు