మా ఆవిడ రక్తపోటు అంకె కొట్టివేయించుట గురించి

ఆరోగ్య శాఖ పైఅధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: శిక్షణ నిమిత్తం మా ఆవిడకు ఖాయం చేసిన రక్తపోటు అంకెను రద్దు చేసి, ఆమెకు వైద్యం ఇప్పించుట గురించి.

ప్రజారోగ్య కేంద్రం ఎదురింట్లో కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతున్న టైలర్ని. ఈ కింది సంగతులు తమకు విన్నవించుకుంటున్నాను.

1. రోడ్డు దాటితే చాలు, ఎండలో తిరగనక్కర్లేదు అను కారణం చేత మూడేళ్ల క్రితం మా ఇల్లు 'శిక్షణ గృహం'గా ఎంపికైనది. నర్సు శిక్షణకు కొత్తగా వచ్చిన ప్రతి జట్టూ మా ఆవిడ చేతికే పట్టీ చుట్టి రక్తపోటు చూడటం నేర్చుకొనుచున్నది. ఇంతవరకు ఆ చేతి మీద నేర్చుకున్నవారు నూట నలభై మంది. పాపం పిల్లలు కదా అని ఆవిడ మంచినీళ్లు కూడా ఇచ్చేది.

2. మొదటి రోజున శిక్షకురాలు గారు స్వయంగా చూడగా నూట ఇరవై, ఎనభై వచ్చినది. దానిని జవాబుల పుస్తకంలో ఎక్కించారు. నాటి నుండి ఆ అంకె రాసినవారు పాస్, వేరే అంకె రాసినవారు ఫెయిల్. పిల్లలు తెలివైనవాళ్లు. రెండో జట్టు నుంచి గొట్టం చెవిలో పెట్టుకోకుండానే సరైన జవాబు రాస్తున్నారు.

3. సదరు జవాబుల ఆధారంగా కేంద్రం వారు పరిశోధన కూడా జరిపి, 'మూడేళ్లలో ఒక్క అంకె మారని గృహిణి' అని గోడకు చార్టు తగిలించారు. అందులో గీత నా కుట్టు కన్నా తిన్నగా ఉన్నది.

4. గత నెల కళ్లజోడు పిల్ల ఒకతె మూడుసార్లు చూసి నూట తొంభై, నూట పది అని రాసినది. "ఆంటీ, మీకు తల తిరుగుతోందా?" అని అడిగింది. మూడేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి. తిరుగుతోందయ్యా! రెండు నెలలుగా గోడ పట్టుకుని నడుస్తోంది. ఆ పిల్లను ఫెయిల్ చేశారు.

5. మాత్రల కోసం వెళ్లగా డాక్టరు గారు రిజిస్టరు తిప్పి, "ఇంతమంది చూశారు, ఒక్కదానికే తేడా వచ్చింది. నన్నెవర్ని నమ్మమంటావు?" అన్నారు. "ఒక్కసారి మీరే చూడండి బాబూ" అన్నాను. "ఇప్పుడు మాత్ర ఇస్తే మూడేళ్ల పరిశోధన ఏం కావాలయ్యా?" అన్నారు. పోనీ పెద్దాసుపత్రికి వెళ్దామంటే ఈయన చీటీ లేనిదే చేర్చుకోరట. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ముప్పై ఏళ్లుగా నేనూ కొలతలు తీస్తున్నాను. మనిషి లావెక్కితే కుట్లు విప్పి వదులు చేస్తాం గానీ, పాత కొలత చూపించి ఊపిరి బిగపట్టమనం. నాకు భయంగా ఉంది సార్.

కావున సదరు అంకెను కొట్టివేయించి, మా ఆవిడకు చీటీ ఇప్పించి, ఆ కళ్లజోడు పిల్లను పాస్ చేయించగలరు. చివరి కోరిక మా ఆవిడది. దాన్నే ముందు రాయమంది, నేను వినలేదు. ఎదురింటివాడి గోడు తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
శిక్షణ గృహ యజమాని

తా.క.: ఇది మడతపెడుతుండగానే మా ఆవిడ ఎడమ చెయ్యి పడిపోయింది. మాట ముద్దగా వస్తోంది. అప్పుడే కొత్త జట్టుతో వచ్చిన శిక్షకురాలు గారు, "పర్లేదమ్మా, కుడి చెయ్యి ఇవ్వండి" అన్నారు. ఆటోలో పెద్దాసుపత్రికి తెచ్చాను. చీటీ లేదని గేటు దగ్గర ఆపేశారు. పైన రాసిందంతా తర్వాత తీరిగ్గా చదవండి సార్. ముందు ఈ కింద 'చేర్చుకోండి' అని రాసి సంతకం పెట్టి, ఈ కాగితం తెచ్చిన మా పెద్దమ్మాయి చేతికివ్వండి. చోటు వదిలాను.